పొద లేని సింహము



ఈ నెల మీతో చెప్పదలచినది ఒక గోడ సంగతి. మా కంకిపాడు సంఘములో సండే స్కూలు పిల్లలు కూర్చునే రేకుల షెడ్డుకు తూర్పు వైపున పదహారు అడుగుల పొడవు గోడ ఒకటి ఉన్నది. దాని మీద ఒక సింహము బొమ్మ వేయించాను. ఆ పనిలో నేను చేసిన తప్పు చాలా కాలము నా మనస్సులో ముల్లులా మెదిలింది. కొందరికి ఇది చిన్న విషయముగా తోచవచ్చు. బొమ్మే కదా అనవచ్చు. నేనూ అప్పుడు అలాగే అనుకున్నాను.

అది 2011 వేసవి. నేను ఈ సంఘమునకు వచ్చి రెండేళ్ళు. వేదాంత డిప్లొమా చేతికి వచ్చిన కొత్త. తెలియనిది ఏమీ లేదనుకునే వయస్సు. వి.బి.ఎస్. మొదలు కావడానికి పది రోజుల ముందు, గోడ మీద దావీదు బొమ్మ వేయిద్దామని కమిటీలో చెప్పాను. రాజైన దావీదు కాదు, గొర్రెలు కాచుకునే చిన్నవాడైన దావీదు. గొల్యాతు మీదికి వెళ్ళబోయే ముందు అతను సౌలుతో చెప్పుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మందలో పిల్లను సింహము ఎత్తుకొనిపోతే వెంటాడి దాని నోటనుండి విడిపించాడు. ఆ సింహము మందవైపు చూస్తూ పొంచి ఉన్న క్షణము గోడ మీద రావాలని నా కోరిక.

బొమ్మ వేయడానికి బందరు రోడ్డు పక్కన చిన్న కొట్టు పెట్టుకున్న ఒక ఆర్టిస్టు గారిని పిలిచాను. అప్పటికే యాభై అయిదు దాటిన మనిషి. బెజవాడ గాంధీనగరంలో సినిమా హాళ్ళ ముందు కట్టే గుడ్డ బ్యానర్లు వేసిన చెయ్యి అది. చిన్న ఫోటోకు గళ్ళు గీసుకొని, అవే గళ్ళు పెద్ద గుడ్డ మీద గీసి, హీరో ముక్కు ఒక్కటే మనిషంత ఎత్తు వేసేవాళ్ళమండి అని చెప్పేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఎరువుల ప్రకటనలు, ఎన్నికల గోడ రాతలు, లారీల వెనుక బొమ్మలు, దొరికినదల్లా వేసుకుంటూ బ్రతుకు వెళ్ళదీస్తున్నారు. మూడు వేల అయిదు వందలకు మాట అయ్యింది. రంగులు ఆయనవే.

మొదటి రెండు రోజులు ఆయన సింహము జోలికే పోలేదు. ముళ్ళ పొద వేస్తూ కూర్చున్నారు. ముందు పొద లోపలి చీకటి పులిమారు. నలుపు కాదు, ఏదో ముదురు మట్టి రంగు. దాని మీద ఎండిన కొమ్మలు, వాటి మీద పచ్చి కొమ్మలు, అన్నిటికంటే పైన సన్నని బ్రష్షుతో ముళ్ళు. నేను సైకిలు మోటారు ఆపి చూసి, పని నడుస్తున్నది కదా అని వెళ్ళిపోయేవాణ్ణి. నాలుగో రోజు సాయంత్రము పూర్తయినదని కబురు చేశారు. కమిటీ పెద్దలతో కలిసి వెళ్ళాను. గొర్రెలు ఉన్నాయి. బండ మీద కుర్రవాడు, చేతిలో వడిసెల ఉన్నాయి. పొద ఉన్నది.

“అయ్యగారూ, సింహమేదండీ?” అన్నారు మా కోశాధికారి.

ఆర్టిస్టు గారు బ్రష్షు వెనుక కొసతో చూపించారు. “అదిగోనండి. ఆ రెండు కొమ్మల సందున చెవి. కొంచెం కిందికి రండి, కన్ను. ఆ వంకర కొమ్మ కాదండీ, అది తోక.”

చూపిస్తే కనబడింది. ఒకసారి కనబడిన తరువాత ఒళ్ళు జలదరించింది కూడా. కానీ పక్కన నలుగురు పెద్దలు ఉన్నారు, డబ్బు సంఘము డబ్బు. పిల్లలకు కనబడని సింహము మనకెందుకండీ, పెద్దగా, నిండు జూలుతో, నోరు తెరిచి గర్జిస్తూ ఉండేలా వేయండి అన్నాను. ఇంట్లో ఉన్న ఒక క్యాలెండరు బొమ్మ కూడా తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని కాసేపు చూసి, “సరేనండి” అన్నారు. ఆ రాత్రి ట్యూబులైటు వెలుగులో ఆ పొదంతా కప్పేసి పచ్చిక మైదానము వేశారు. దాని మధ్య రాజుగారి సింహాసనము పక్కన నిలబెట్టదగిన సింహము నిలబడింది. పిల్లలు కేరింతలు కొట్టారు. పని రెండుసార్లు కావడము వల్ల ఆలస్యమైనదని, మన షెడ్డు కరెంటు వాడారని లెక్క చెప్పి కమిటీ వారు అయిదు వందలు తగ్గించమన్నారు. ఇచ్చింది నా చేతులతోనే. ఆయన నోట్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకొని, బ్రష్షులు కడుక్కోవాలి, కాస్త కిరసనాయిలు ఉంటే ఇప్పించండి అన్నారు. ఇంకేమీ అనలేదు.

నేను ఆయనకిచ్చిన క్యాలెండరు సింహము ఎక్కడనుండి వచ్చిందో ఆ తరువాత ఆలోచించాను. మన సండే స్కూలు కార్డులమీదా, పిల్లల బైబిలు కథల పుస్తకాలలోనూ ఉండే సింహాలకు ఎక్కువగా తాతలు ఐరోపా చిత్రకారులు వేసినవే. రూబెన్సు అనే గొప్ప చిత్రకారుడు 1614, 1616 మధ్య సింహముల గుహలో దానియేలును వేశాడు. ఆ సింహాలను ప్రాణమున్నవాటిని ఎదుట చూచి వేశానని 1618లో ఒక ఉత్తరములో వ్రాసుకున్నాడు. అవి రాజుల జంతుశాలలలో బంధించినవి. ఇంగ్లండులో బ్రిటన్ రివియర్ అనే ఆయన 1872లో ఒకసారి, 1890లో మరొకసారి దానియేలును వేశాడు. రెండవదానిలో దానియేలు సింహాల వైపు వీపు పెట్టి, కిటికీలోనుండి వచ్చే వెలుగు వైపు చూస్తూ ఉంటాడు. ఆ బొమ్మ అచ్చులు లోకమంతా తిరిగాయి. మీలో చాలామంది ఇళ్ళలో చూసే ఉంటారు. అమెరికాలో హెన్రీ టానరు అనే నల్లజాతి చిత్రకారుడు, ఆఫ్రికన్ మెథడిస్టు సంఘపు బిషప్పు గారి కుమారుడు, 1896లో పారిసులో పెట్టిన దానియేలు చిత్రమునకు గుర్తింపు పొందాడు. ఆయనా మొదట జంతువుల చిత్రకారుడు కావాలనుకొని ఫిలడెల్ఫియా జూలో సింహాల ముందు కూర్చొని నేర్చుకున్నవాడే.

గుహలో ఉన్న సింహానికి జూ సింహము సరిపోతుంది. దానియేలు గ్రంథములోనివి రాజు పట్టి తెప్పించి బంధించినవే గదా. ఆ చిత్రాలలో లోపము లేదు. లోపము నాది. బంధకములో ఉన్న సింహాన్ని తెచ్చి, దావీదు ఎదుర్కొన్న అడవి సింహము స్థానములో నిలబెట్టమన్నాను.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. 2016 మార్చిలో గుజరాతులో పాస్టర్ల కూడిక ఒకటి జరిగితే సికింద్రాబాదులో రైలెక్కి వెళ్ళాను. కూడిక ముగిశాక ఇద్దరు సహోదరులతో కలిసి గిర్ అడవికి పోయాము. ఆసియా సింహములు అడవిలో స్వేచ్ఛగా మిగిలి ఉన్నది లోకమంతటిలో ఆ సౌరాష్ట్ర ప్రాంతములోనే. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభములో అవి కొన్ని డజన్లకు పడిపోతే జునాగఢ్ నవాబులు వేట ఆపించి కాపాడారు. 1965లో అభయారణ్యమయ్యింది. 2015 లెక్కలలో 523, 2020లో 674, 2025 మే నెల లెక్కలలో 891 అని తేలింది. నశించిపోతుందనుకున్నది ఇలా తిరిగి పెరగడము అరుదు.

గిర్ అంటే నేను మహారణ్యము ఊహించుకున్నాను. తీరా చూస్తే మన పల్నాడు, నల్లమల అంచులలాగ ఉన్నది. టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. మిగతాదంతా తుమ్మ, చండ్ర, మోదుగ, రేగు, మన వాక్కాయ జాతి ముళ్ళ పొదలు. నేల, గడ్డి, ఎండిన ఆకు, దుమ్ము అన్నీ ఒకే రంగు. అక్కడ పశువులు మేపుకొని బ్రతికే మాల్‌ధారీలు తమ గుడిసెల చుట్టూ ముళ్ళ కంపతో కంచె కట్టుకుంటారు. సింహములు పశువుల జోలికి రాకుండా. ఆ కంచెను చూస్తే మా ఊరి పాత దొడ్లు గుర్తుకు వచ్చాయి.

జీపు ఒక ఎండిన వాగు పక్కన ఆగింది. గైడు పొదవైపు చూపించి చెయ్యి దించేశాడు. నాకు ఏమీ కనబడలేదు. పక్కన సహోదరుడు నా భుజము పట్టుకున్నాడు, అతనికి కనబడినట్లున్నది. నేను ఆకు ఆకు వెతికాను. ముళ్ళు, నీడ, ఎండ మరకలు, అంతే. మోసపోయామేమో అనుకున్నాను కూడా. అంతలో ఒక ఎండుటాకు కదిలినట్లయింది. ఆకు కాదు, చెవి. ఈగను విదిలించుకున్నది. ఆ చెవి పట్టుకొని చూస్తే కన్ను, కన్ను పట్టుకొని చూస్తే ముఖము, తరువాత పక్కనే ఇంకొక ముఖము. రెండు సింహాలు. ఇరవై అడుగుల దూరము కూడా ఉండదు. అవి నన్ను ఎప్పటినుండి చూస్తున్నాయో!

ఆ రెండు కొమ్మల సందు, ఆ చెవి, ఆ కన్ను. అయిదేళ్ళ క్రిందట మా షెడ్డు గోడ మీద చూసినదే. నేను చెరిపించినదే.

ఎందుకు కనబడవో ఆ తరువాత కొంత చదివి తెలుసుకున్నాను. దీన్ని మొట్టమొదట శ్రద్ధగా వివరించినవారిలో ఒకడు శాస్త్రవేత్త కాదు, చిత్రకారుడు. అమెరికా దేశస్థుడు, పేరు అబ్బట్ థేయరు. 1896లో వ్యాసము వ్రాశాడు. మామూలుగా ఎండ పైనుండి పడుతుంది గనుక ఏ వస్తువుకైనా వీపు తెల్లగా, కడుపు నీడగా కనబడాలి. ఆ వెలుగు నీడల తేడా వల్లనే గుండ్రని వస్తువు గుండ్రముగా ఉన్నదని మన కంటికి తెలుస్తుంది. చాలా అడవి జంతువులకు వీపు ముదురు, కడుపు లేత. ఎండ ఇచ్చే తెలుపును వీపు రంగు మింగేస్తుంది, నీడ ఇచ్చే నలుపును కడుపు రంగు చెరిపేస్తుంది. జంతువు బల్లపరుపుగా, గోడకు కొట్టిన సున్నములాగా అయిపోతుంది. బొమ్మలు వేసేవాళ్ళు నేర్చుకొనే మొదటి పాఠమేమో దీనికి సరిగ్గా తలకిందులు. వెలుగు వైపు తెలుపు పెట్టు, నీడ వైపు నలుపు పెట్టు, బొమ్మ పైకి ఉబికి రావాలి అంటారు. అలా వేస్తే సింహము పొదలోనుండి బయటికి తోసుకొని వచ్చేస్తుంది. పొదలో ఉంచాలంటే తాను నేర్చుకున్న విద్యను చిత్రకారుడు కొంత విడిచిపెట్టాలి. గీత చెరుపుకోవాలి. సింహము ఎక్కడ అయిపోయి నీడ ఎక్కడ మొదలయిందో తానే చెప్పలేని చోటు కొంత ఉండాలి.

జర్మనీలో విల్‌హెల్మ్ కూనర్టు అనే చిత్రకారుడు 1891లో మొదటిసారి తూర్పు ఆఫ్రికాకు వెళ్ళాడు. జూలో సింహాలను చూచి వేసేవాళ్ళ కాలములో ఈయన అడవికే పోయి, అక్కడే పెన్సిలు బొమ్మలు, రంగు బొమ్మలు వేసుకొని తెచ్చుకున్నాడు. ఆ తరువాత కూడా వెళ్ళాడు. వేటగాడు కూడా, ఆ సంగతి దాచనక్కరలేదు. ఆయన సింహాలు గడ్డిలోనుండి, ఎండలోనుండి పుట్టినట్లు ఉంటాయి. జర్మనీలో ఆయనకు సింహాల కూనర్టు అని పేరే పడిపోయింది.

ఇక గ్రంథములోని సింహాల సంగతి. పరిశుద్ధ గ్రంథములో సింహము చాలాసార్లు తన చోటుతో కలిసి వస్తుంది. హెబ్రీ భాషలో సింహానికి ఒకటి కాదు, ఆరు మాటలున్నాయి. యోబు గ్రంథము నాలుగవ అధ్యాయములో రెండు వచనాలలోనే అయిదు వాడారు. గొడ్లు కాచుకునేవాడికి ఆవు, పెయ్య, కోడె, ఎద్దు వేరు వేరు మాటలైనట్లే అది. పక్కన ఉన్నవాటికే ఇన్ని పేర్లు పెడతారు. యిర్మీయా నాలుగవ అధ్యాయములో శత్రువును పొదలోనుండి లేచి వచ్చే సింహముతో పోల్చాడు. అక్కడ పొదకు వాడిన మాట, మోరీయా కొండ మీద పొట్టేలు కొమ్ములు చిక్కుకున్న పొదకు వాడిన మాట ఒకే ధాతువునుండి పుట్టాయి. కొమ్మలు ఒకదానితో ఒకటి అల్లుకొని చిక్కుపడిన చోటు అని అర్థము. ఒక పొదలో బలి పశువు, ఇంకొక పొదలో సింహము. దీని మీద ప్రసంగము చేయాలని చాలాసార్లు అనుకున్నాను గానీ ఈ నెల అది వద్దు.

అదే ప్రవక్త నలభై తొమ్మిదవ అధ్యాయములో సింహము యొర్దాను ఒడ్డునుండి ఎక్కి వస్తుంది. ఆ స్థలానికి హెబ్రీలో ఉన్న మాటకు యొర్దాను గర్వము అని అర్థము. నది వెంబడి కమ్ముకొని పెరిగిన పచ్చదనాన్ని అలా అన్నారని పండితులు చెప్తారు. పిచుల వృక్షాలు, రెల్లు, ముళ్ళ చెట్లు. ఆ లోయలో పెరిగే ఒక రేగు జాతి చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులోనే క్రీస్తు ముల్లు అని ఉన్నది. మన కాలవ గట్టు రేగుకు అది దాయాదే. ఆ దేశములో సింహములు సుమారు 13వ శతాబ్దము వరకు ఉండి తరువాత కనబడకుండా పోయాయి. దావీదు చూసిన సింహము ఈ గిర్ సింహానికి దగ్గర చుట్టమే అయి ఉండాలి. గిర్ సింహానికి ఆఫ్రికా సింహానికున్నంత జూలు ఉండదు, చెవులు బయటికి కనబడతాయి, కడుపు కింద పొడవునా చర్మపు మడత వేలాడుతుంది.

దానియేలు మాత్రము బబులోనులో వేరే సింహాలను కూడా చూసి ఉంటాడు. నెబుకద్నెజరు ఊరేగింపు వీధికి రెండు ప్రక్కలా మెరుగుపెట్టిన నీలి ఇటుకల మీద సుమారు 120 సింహాలు ఉబ్బెత్తుగా చేయించాడు. జర్మను తవ్వకాలవారు 1899 మొదలుకొని ఆ ఇటుకలను వెలికితీసి బెర్లినుకు తరలించారు. నోరు తెరిచి వరుసగా నడిచే ఆ సింహాల చుట్టూ గడ్డి పరక లేదు. నీలి రంగు తప్ప ఏమీ లేదు. రాజుకు కావలసింది ఆ సింహమే. అందరికీ కనబడాలి, తన బలము చెప్పాలి, తన గోడ దాటకూడదు. 2011లో నేను కోరినదానికి దానికి తేడా ఏమిటో నాకు ఎంత వెతికినా దొరకలేదు.

గిర్ నుండి వచ్చిన వెంటనే ఆ ఆర్టిస్టు గారి దగ్గరకు వెళ్ళవలసినది. వెళ్ళలేదు. బందరు రోడ్డు మీద ఆయన కొట్టు ముందునుండి ఎన్నిసార్లు పోయానో. ఒకటి రెండుసార్లు చెయ్యి ఊపాను. మొదట సిగ్గు, తరువాత ఇంత ఆలస్యముగా వెళ్ళి ఏమని చెప్పాలనే సంకోచము, ఆ తరువాత మరపు. ప్రతి ఆదివారము మన్నింపు గురించి చెప్పేవాడికి ఎనిమిదేళ్ళు పట్టింది. 2024 సెప్టెంబరు వానలకు గోడ చెమ్మ పట్టి, క్యాలెండరు సింహము పొరలు పొరలుగా ఊడింది. ముందు జూలు పోయింది, తరువాత నోరు. ఊడిన చోట లోపలినుండి పాత పొద కొమ్మలు నాలుగు బయటపడ్డాయి. అది చూశాక ఇక ఇంట్లో కూర్చోలేకపోయాను.

కొట్టు మూసి ఉన్నది. ఇల్లు వెతుక్కొని వెళ్ళాను. ఆయన వసారాలో నులక మంచము మీద కూర్చొని ఉన్నారు. ఒక కంటికి శుక్లము తీయించుకున్నారట, రెండవది తీయించుకోవాలట. నేను తల వంచుకొని సంగతంతా చెప్పాను. గిర్ వెళ్ళడము, పొద, చెవి. తగ్గించిన అయిదు వందలు కవరులో పెట్టి తెచ్చాను, ఇచ్చాను. ఆయన కవరు విప్పలేదు.

“ఆ సింహాన్ని మీరెక్కడ చూశారండీ?” అని అడిగాను. “అడవిలో సింహాన్ని చూడకుండా అలా ఎలా వేశారు?”

“సింహాన్ని చూడలేదయ్యగారూ. సర్కస్‌లో చూశాను. సర్కస్ బోర్డులు వేశాను గదా. నిప్పు రింగులోంచి దూకేది.” కాసేపు ఆగారు. “చిన్నప్పుడు తోట్లవల్లూరు వైపు కరకట్ట మీద గేదెలు కాసేవాణ్ణి. పొదల్లో నక్కలుండేవి. ఒకసారి బావురుపిల్లి. ఎదురుగా నిలబడ్డా కనపడదు. ముందు చెవి ఆడుతుంది. అప్పుడు మీ గుండె ఆడుతుంది. సింహమైనా అంతే గదా అని వేశాను.”

సర్కస్‌లలో సింహాలను ఆడించరాదని కేంద్ర ప్రభుత్వము 1998లో ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీం కోర్టు దాన్ని ఖాయపరచింది. ఇప్పటి పిల్లలు ఆ నిప్పు రింగు ఎరుగరు. వాళ్ళకు తెలిసినది హైదరాబాదు, విశాఖ, తిరుపతి జూలలోని సింహమే, అదీ చూసి వచ్చినవాళ్ళకు.

ఆయన ఇంకొక మాట చెప్పారు. కుర్రతనములో పని నేర్పిన గురువు ఆయనను సైకిలు మీద బ్యారేజీ దాటించి ఉండవల్లి గుహలకు తీసుకొనిపోయాడట. కొండ ముఖము మీద, కూర్చున్న మునుల బొమ్మల దగ్గర రాతి సింహాలున్నాయి. ఇవి చెక్కినవాడు సింహాన్ని చూశాడా గురువుగారూ అని ఈయన అడిగితే ఆయన నవ్వి, మన దేశములో ఈ దిక్కున సింహాలెక్కడివిరా, ఇంకొకడు చెక్కినది చూసి చెక్కాడు అన్నాడట. నేను తరువాత చదివాను, ఆ గురువు మాట నిజమే. పూర్వము భారతదేశములో సింహాలు నర్మదకు ఉత్తరాన ఉండేవి. కృష్ణ ఒడ్డున పులి ఉన్నది, చిరుత ఉన్నది, సింహము లేదు. అయినా ఉండవల్లిలో సింహమున్నది, అదే ఒడ్డున అమరావతి స్తూపము దగ్గర దొరికి మద్రాసు, లండను మ్యూజియములకు చేరిన రాళ్ళలో సింహమున్నది, ఆఫీసు బోర్డుల మీద అశోకుని సింహాలున్నాయి. పదిహేను, ఇరవై వందల ఏళ్ళుగా మనవాళ్ళు చూడని జంతువును చెక్కుతూ వేస్తూ వచ్చారు. ఒకరి బొమ్మనుండి ఇంకొకరి బొమ్మ. పొద మాత్రము అందరి ఇంటి వెనుకా ఉన్నది. దాన్ని వేయాలని ఈయనకు తోచింది.

“ఇంకొకసారి వేస్తారా?” అని అడిగాను.

“కన్ను సరిగ్గా ఆనదండి.”

“ముళ్ళు నేను కోసుకొచ్చి దగ్గర పెడతాను.”

ఆయన నవ్వారు. రెండవ కన్ను ఆపరేషను అయ్యాక చూద్దామన్నారు. సంక్రాంతి తరువాత అయ్యింది. గోడకు పాత రంగు గీకించి, ప్లాస్టరు వేయించి ఆరబెట్టాము. ఈసారి కమిటీలో మాట నేనే పడ్డాను. ఖర్చు ఎందుకు, ఫ్లెక్సీ కట్టిస్తే రెండు వేలలో పోతుంది గదా అన్నారు. సగము నేను పెట్టుకుంటానని చెప్పాక ఒప్పుకున్నారు.

2025 ఏప్రిల్ చివరిలో పని మొదలయింది. నేను కాలవ గట్టున తుమ్మ మండ ఒకటి, రేగు మండ ఒకటి కోసుకొని వచ్చాను. తుమ్మ ముళ్ళు తెల్లగా, పొడవుగా, జంటలుగా ఉంటాయి. రేగుకూ జంటే గానీ ఒకటి నిటారు, ఒకటి వంకర. నలభై ఏళ్ళు దాటిన నేను చిన్నప్పటినుండి ఆ ముళ్ళు గుచ్చుకుంటూనే ఉన్నాను, ఆ వంకర ముల్లును ఆ రోజే చూశాను. ఒక సర్కారు తుమ్మ మండ కూడా తెస్తే ఆయన తీసి పక్కన పారేశారు. “ఇది మొన్న వచ్చిందండి, దావీదు కాలములో ఎక్కడిది?” అన్నారు. నిజమే, అది 19వ శతాబ్దములో అమెరికా ఖండమునుండి మన దేశానికి తెచ్చినది. డిప్లొమా నాది, సంగతి ఆయనకు తెలుసు.

చెయ్యి కొంచెము వణుకుతున్నది. అందుచేత సన్న ముళ్ళు వేసేటప్పుడు ఎడమ చేతి మీద కుడి మణికట్టు ఆనించుకొని వేస్తారు. రోజుకు రెండు గంటలకంటే ఎక్కువ చేయలేరు. చీకటి, ఎండు కొమ్మ, పచ్చి కొమ్మ, ముల్లు. ఆ వరుస మార్చరు. వి.బి.ఎస్. మొదలయ్యే నాటికి పొద ఒక్కటే పూర్తయింది. రంగు ఆరాలి, సింహము తరువాత అన్నారు. నేను ఏమీ అనలేదు.

మొదటి రోజు ఉదయము డెబ్బయిమంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. దావీదు కథ చెప్పాను. ఈ గోడ మీద ఒక సింహము ఉన్నది, గొర్రెలను చూస్తున్నది అని నోరు జారి అన్నాను. అనేశాక గుర్తు వచ్చింది, అది ఇంకా వేయలేదని. పిల్లలు అప్పటికే లేచి గోడ దగ్గరకు పోయారు. ఆర్టిస్టు గారు ఒక పక్క స్టూలు మీద కూర్చొని టీ తాగుతున్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన చెయ్యి ఎత్తి ఊరుకోమన్నారు.

ముందు వరుసలో ఉన్న ఒక అయిదేళ్ళ పిల్ల, రెండు జడలు వేసుకున్నది, ముఖము గోడకు దాదాపు ఆనించి చూస్తున్నది. చూసి చూసి ఒక్కసారి వెనక్కు గెంతి, వాళ్ళ అన్న చొక్కా పట్టుకున్నది.

“అదిగో,” అన్నది, రెండు కొమ్మల సందున ఉన్న చీకటిలోకి వేలు చూపిస్తూ. “చెవి కదిలింది.”

ఆర్టిస్టు గారు టీ గ్లాసు కింద పెట్టి, కళ్ళజోడు తుడుచుకొని, ఆ చోటు చూసుకోవడానికి లేచి వచ్చారు.